పేదల కోసం తొమ్మిది అంతస్తులు: అభ్యంతరాల పత్రం రాసిన నా అనుభవం

విశాఖపట్నంలో మధురవాడ వైపు మా కాలనీకి ఆనుకుని, కొండ దిగువన ఏళ్ల తరబడి తుమ్మకంపతో పడి ఉన్న ప్రభుత్వ స్థలంలో తక్కువ ఆదాయ వర్గాల వారి కోసం స్టిల్ట్ (బళ్లు నిలపడానికి స్తంభాల మీద ఖాళీగా వదిలే కింది భాగం) మీద తొమ్మిది అంతస్తుల భవనాలు కట్టబోతున్నారన్న సంగతి మాకు దినపత్రిక లోపలి పేజీలో వచ్చిన చిన్న ప్రకటన వల్ల తెలిసింది. నిజానికి ఆ ప్రకటనలో తొమ్మిది అంతస్తుల ప్రస్తావనే లేదు. మాస్టర్ ప్లాన్‌లో ప్రజా, పాక్షిక ప్రజా వినియోగానికి (బడి, ఆసుపత్రి వంటివాటికి) గుర్తించిన స్థలాన్ని నివాస వినియోగంలోకి మార్చదలచినట్టు, అభ్యంతరాలు గానీ సూచనలు గానీ ఉన్నవారు 15 రోజుల్లోగా లిఖితపూర్వకంగా తెలపవలసినట్టు మాత్రమే ఉంది. సర్వే నంబరు, నాలుగు వైపుల హద్దులు ఇచ్చారు. ఎన్ని ఇళ్లు, ఎంత ఎత్తు అన్నది వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని అడిగితే బయటపడింది. సుమారు నాలుగు వందల ఇళ్లు. ఒక్కొక్కటి 300 మొదలు 430 చదరపు అడుగుల వరకు, అంటే రాష్ట్రంలో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ టిడ్కో కట్టే ఇళ్లకు పెట్టిన కొలతలే.

నేను విద్యుత్ పంపిణీ సంస్థలో అసిస్టెంట్ ఇంజినీరు(ఏఈ)గా చేరి అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీరు(ఏడీఈ)గా పదవీ విరమణ చేసినవాడిని. కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శిని కావడం వల్లా, ఆఫీసు భాషలో ఉత్తరం రాయగలనన్న పేరు ఉండడం వల్లా ఆ పత్రం తయారు చేసే పని నా మీద పడింది.

మా సంఘం సమావేశాలకు మామూలుగా పట్టుమని పదిమంది రారు. ఆ ఆదివారం కమ్యూనిటీ హాలు గుమ్మంలో చెప్పులు విప్పడానికి చోటు లేదు. అధ్యక్షుల వారు బ్యాంకు మేనేజరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. మైకు అందుకుని, "మనం పేదలకు వ్యతిరేకం కాదు, ఎత్తుకే వ్యతిరేకం" అని మొదలుపెట్టారు. తరవాత లేచిన వారందరూ ముందుగా ఆ వాక్యాన్నే చెప్పుకుని, ఆపైన తమ బాధ చెప్పుకున్నారు. తూర్పు వరుసలో ఇళ్లున్నవారికి పొద్దుటి ఎండ పోతుందని భయం. రోడ్డు నలభై అడుగులే, దాని మీదే స్కూలు బస్సులు, నీళ్ల ట్యాంకర్లు తిరుగుతున్నాయి, ఇంకో నాలుగు వందల కుటుంబాల ఆటోలు, బళ్లు ఎక్కడ నిలుపుతారని ఒకరు అడిగారు. కొండ మీది వాన నీరంతా ఆ స్థలం గుండానే గెడ్డ(వాగు)లోకి దిగుతుందని, అక్కడ పునాదులు వేస్తే నీళ్లు మన వీధుల్లోకి వస్తాయని మరొకరు హెచ్చరించారు. స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా మెట్రో వస్తుందన్న ఆశతో స్థలం కొనుక్కున్న ఒకాయన, రేటు గజానికి ఎంత పడిపోతుందో అప్పుడే లెక్క వేసుకుని వచ్చారు. వెనక బల్ల మీంచి ఎవరో, "ఎలాంటివాళ్లు వస్తారో మనకేం తెలుసు" అన్నారు. హాలులో చాలా తలలు ఊగాయి.

ఎత్తు గురించి అంత మాట్లాడిన ఆ సభలో, జాతీయ రహదారి వెంట పీఎం పాలెం నుంచి కొమ్మాది దాకా లేస్తున్న ప్రైవేటు టవర్ల గురించి ఎవరూ ప్రస్తావించలేదు. వాటిలో కొన్ని ఈ ప్రతిపాదన కంటే ఎత్తయినవి. మా కాలనీలోనే ఇద్దరు ముగ్గురు వాటిలో తమ పిల్లల కోసం ఫ్లాట్లు బుక్ చేసుకున్నారు కూడా. ఈ మాట నేను అనబోయే లోపే, అద్దెకుంటూ రుషికొండ ఐటీ హిల్స్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక అమ్మాయి అనేసింది. "అక్కడ పడని నీడ ఇక్కడే ఎందుకు పడుతుందండీ?" అని అడిగింది. అద్దెకున్నవాళ్లకు సంఘంలో ఓటు లేదని ఎవరో గుర్తు చేశారు. నిబంధనావళి ప్రకారం అది నిజమే గానీ, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం కాదు.

ఇంటికి వచ్చి ఈ అభ్యంతరాలన్నిటినీ ఒక కాగితం మీద పెట్టి, ఏ మాటకు నియమాల్లో ఆధారం ఉంది, ఏది ఉత్త భయం అని వేరు చేయడం మొదలుపెట్టాను. ఆధారం లేని మాటను మిగతావాటితో కలిపి రాస్తే, అధికారి మొదట దానికే సమాధానం రాసి, ఆ ఊపులో మంచి ప్రశ్నలను కూడా తోసిపుచ్చుతాడని ఉద్యోగంలో ఉండగా చూసినవాణ్ణి.

మన రాష్ట్ర భవన నియమాల ప్రకారం 18 మీటర్లు, ఆపైన ఎత్తున్న కట్టడం హైరైజ్ (బహుళ అంతస్తుల ఎత్తయిన భవనం) కిందికి వస్తుంది; జాతీయ భవన స్మృతి ప్రకారమైతే 15 మీటర్లకే వస్తుంది. హైరైజ్ అనగానే ముందున్న రోడ్డు వెడల్పుకు, చుట్టూ వదలవలసిన ఖాళీకి లెక్క మారిపోతుంది. ఎత్తు పెరిగే కొద్దీ రెండూ పెరగాలి. అగ్నిమాపక శాఖ నుంచి నిరభ్యంతర పత్రం ఉండాలి, అగ్నిమాపక వాహనం భవనం చుట్టూ తిరగగలగాలి. కాబట్టి రోడ్డు గురించి మావాళ్ల అభ్యంతరం గట్టిదే. అయితే దాన్ని "ట్రాఫిక్ పెరుగుతుంది" అని కాకుండా, "ఈ ఎత్తుకు నియమాలు కోరే వెడల్పు ఈ రోడ్డుకు ఉన్నదా, లేకుంటే విస్తరణకు కావలసిన స్థలం ఎవరి నుంచి, ఏ నిధులతో తీసుకుంటారు" అని రాయాలి. అలా రాసేసరికి, విస్తరణ అంటూ జరిగితే పోయేది మా ప్రహరీగోడలేనని కొందరికి తట్టింది. ఆ వాక్యం తీసేయమని ఇద్దరు ఫోన్ చేశారు. నేను తీయలేదు.

విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది కనుక ఎత్తుకు వారి అనుమతి కావాలని ఒక విశ్రాంత నేవీ ఉద్యోగి చెప్పారు. అది సరైన మాటే. పైగా ఆ ఎత్తును నేల నుంచి కాక సముద్రమట్టం నుంచి లెక్కిస్తారు కాబట్టి, కొండ దిగువన ఎత్తుగా ఉన్న స్థలంలో కట్టేవాటికి ఆ పరిమితి ఇంకా త్వరగా అందుతుంది. ఆ అనుమతి పత్రం నకలు కోరుతూ ఒక వాక్యం చేర్చాను.

పర్యావరణ అనుమతి విషయం మాత్రం చాలామందిని నిరాశపరిచింది. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉంటే 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ముందస్తు అనుమతి తీసుకోవాలి. అయితే భవన నిర్మాణాలకు ఆ నోటిఫికేషన్‌లోనే ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది. ఫార్మా కంపెనీలకో, రేవులకో జరిగినట్టు కలెక్టరు సమక్షంలో టెంటు వేసి సభ పెడతారని, అక్కడ మాట్లాడవచ్చని మావాళ్లు అనుకున్నారు. అటువంటిది ఉండదు. మాట్లాడడానికి చట్టం ఇచ్చిన చోటు ఆ 15 రోజుల గడువే. ప్రాజెక్టు నివేదిక కోసం పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే సమాధానానికి గడువు 30 రోజులు. అంటే నివేదిక చేతికి వచ్చేసరికి దాని మీద అభ్యంతరం చెప్పే గడువు దాటిపోయి ఉంటుంది. ఈ రెండు గడువులనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లెవరూ ఈ నియమాలు రాసినట్టు లేదు. మేము దరఖాస్తూ పెట్టాం, నివేదిక అందిన తరవాత అదనపు అభ్యంతరాలు ఇచ్చే హక్కును నిలుపుకుంటున్నామని ముందు పత్రంలోనే రాసుకున్నాం.

తుపాను మాట ఎవరో ఒకరు ఎత్తకుండా విశాఖలో ఎత్తయిన భవనం గురించి చర్చ ముగియదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను ఉద్యోగంలోనే ఉన్నాను. గాలి ఒత్తిడికి సంబంధించిన భారతీయ ప్రమాణం విశాఖపట్నానికి సెకనుకు 50 మీటర్ల వేగాన్ని నిర్దేశిస్తుంది. గంటకు 180 కిలోమీటర్లన్నమాట. హుద్‌హుద్ గాలి సుమారుగా ఆ స్థాయిదే. ఆ ప్రమాణానికి నిజాయితీగా కట్టిన కాంక్రీటు భవనం గాలికి కూలదు. ఆనాడు కూలలేదు కూడా. ఎగిరిపోయినవి కిటికీ అద్దాలు, రేకులు, డాబాల మీది ట్యాంకులు. జనాన్ని అల్లాడించింది ఆ తరవాతి రోజులు. స్తంభాలు వరుసకు వరుస నేలకొరిగి, సబ్‌స్టేషన్లు ఆగి, చాలా వీధులకు రోజుల తరబడి కరెంటు లేకపోతే, మోటారు తిరగక, అపార్ట్‌మెంట్ల పై అంతస్తుల్లో ఉన్నవాళ్లు మెట్ల మీద బకెట్లు మోశారు. నాలుగంతస్తుల్లోనే అంత అవస్థ అయితే తొమ్మిదో అంతస్తులో ఎలా ఉంటుందో ఊహించడానికి ఇంజినీరింగ్ చదవనక్కరలేదు.

ఈ ఆలోచనే నన్ను నగరంలో ప్రభుత్వం కట్టి ఇచ్చిన ఒక పాత ఫ్లాట్ల కాలనీకి తీసుకెళ్లింది. మా ఇంట్లో పనిచేసే ఆవిడ అక్క అక్కడ ఉంటుంది. ఈవిడ ఆరిలోవలో అద్దెకుంటూ, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం వారికి వర్తించే పథకంలో ఇంటికి దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూస్తోంది; ప్రతిపాదిత భవనంలో ఇల్లు వస్తే రావలసిన మనుషుల్లో ఆమె ఒకరు. "చూసి రండి సార్, ఎలా ఉంటన్నారో" అని తనే దారి చెప్పింది.

అవి లిఫ్టు లేని నాలుగంతస్తుల బ్లాకులు. గోడలు బాగానే ఉన్నాయి. కింద మెట్ల పక్కన చిన్న మోటారు గది, తలుపుకు తాళం. తాళం తీసి చూపించిన ఆవిడ ఆ బ్లాకుకు అనధికార కార్యదర్శి. లోపల మూడు హార్స్‌పవర్ మోటారు, ఉమ్మడి మీటరు, దాని పక్కన మేకుకు పురికొసతో వేలాడుతున్న పాత లెక్కల పుస్తకం ఉన్నాయి. పేజీ నిండా ఫ్లాట్ల నంబర్లు, ఎదురుగా నెలలు, డబ్బు కట్టినవాళ్లకు టిక్కు, కట్టనివాళ్లకు సున్నా. కొన్ని నంబర్ల ఎదుట వరసగా సున్నాలే. ఒక సున్నా పక్కన "ఆసుపత్రి" అని రాసి ఉంది, ఇంకో దాని పక్కన "తాళం". ఉమ్మడి మీటరు బిల్లు కట్టలేకపోతే సర్వీసు కత్తిరిస్తారు. కత్తిరిస్తే, డబ్బు కట్టినవాళ్లకూ కట్టనివాళ్లకూ ఒక్కలాగే నీళ్లు ఆగిపోతాయి. నా ఉద్యోగ జీవితంలో బకాయిల జాబితా పట్టుకుని లైన్‌మన్‌ను పంపిన వైపునుంచే ఈ వ్యవహారం నాకు తెలుసు. ఆ రోజు రెండో వైపునుంచి చూశాను.

"ఇది మోటారే కదా సార్, ఎలాగో నడిపేస్తన్నాం. లిఫ్టు పెట్టేస్తే ఏటి చేస్తాం?" అన్నదావిడ. లిఫ్టుకు ఏటా నిర్వహణ ఒప్పందం ఉండాలి, తీగలు అరిగితే మార్చాలి, కరెంటు పోతే నడవడానికి జనరేటరు, దానికి డీజిలు. మూడో అంతస్తులో ఉన్న ఆమె అత్తగారు మోకాళ్ల నొప్పులతో నెలల తరబడి కిందికి దిగలేదట. "తొమ్మిదో అంతస్తైతే ముసిల్దాన్ని ఎవులు దింపుతారు?" అని అడిగింది. మా హాలులో అంతమంది మాట్లాడిన సభలో ఒక్కరికీ ఈ ప్రశ్న తట్టలేదు; తట్టడానికి కారణమూ లేదు, అక్కడ ఉండబోయేది మేము కాదు కనుక.

తిరిగి వచ్చాక పత్రం స్వరూపం మార్చేశాను. ఎండ, గజం రేటు, "ఎలాంటివాళ్లు" అన్నవి తీసేశాను. రోడ్డు వెడల్పు, గెడ్డ, నీళ్లు, ఎత్తు అనుమతి ఉంచాను. నీళ్ల లెక్క కూడా వేశాను: మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణం చొప్పున ఇంటికి నలుగురనుకున్నా నాలుగు వందల ఇళ్లకు రోజుకు రెండు లక్షల లీటర్లకు పైగా కావాలి. ఎండాకాలం వస్తే మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ జలాశయాల్లో నీటిమట్టం ఎంత ఉందని పేపరులో వెతికే ఊరు మాది. ఆ రెండు లక్షల లీటర్లు ఏ పైపులోంచి వస్తాయో చెప్పమన్నాను. గెడ్డ కోసం ఒక సాయంత్రం స్థలం చివరిదాకా నడిచి వెళ్లి చూస్తే, కల్వర్టు నోట్లో సగం మేర సిమెంటు సంచులు, కొబ్బరి బోండాలు, ఎవరింటిదో పాత పరుపు ఉన్నాయి. పునాదులు పడకముందే మా వీధుల్లోకి నీళ్లు ఎందుకు వస్తున్నాయో దానితో తెలిసింది. ఫోటో తీసి జతపరిచాను. ఆ బోండాలు వేసినవాళ్లు కొత్త భవనంలోకి రాబోయేవాళ్లు కారన్నది ఫోటో చూసిన అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట పైకి అనలేదు.

చివరి భాగం మొత్తం నిర్వహణ గురించే రాశాను. కేటాయింపుకు ముందే మూలనిధి ఏర్పాటు చేసి, దాని వడ్డీతో లిఫ్టు నిర్వహణ, ఉమ్మడి కరెంటు బిల్లు నడిచేలా చూడాలి. కనీసం మొదటి కొన్నేళ్లు ఆ బాధ్యత కట్టిన సంస్థదే కావాలి. లిఫ్టుకూ నీళ్ల మోటారుకూ జనరేటరు ఉండాలి. దివ్యాంగులు, వృద్ధులు ఉన్న కుటుంబాలకు కింది అంతస్తుల్లో ప్రాధాన్యం ఇవ్వాలని ప్రధానమంత్రి ఆవాస్ యోజన మార్గదర్శకాలే చెబుతున్నాయి కాబట్టి, ఆ జాబితాను లాటరీకి ముందే విడిగా ప్రకటించాలి. ఇవన్నీ కుదరని పక్షంలో అంతస్తులు తగ్గించాలి.

అధ్యక్షుల వారికి ఇది నచ్చలేదు. "ఏఈ గారూ, మనం వద్దని రాయమంటే మీరు ఎలా కట్టాలో రాసుకొచ్చారు" అన్నారు. ఆయన మాటలో అన్యాయం లేదు. సంఘం సభ్యుల్లో ఎక్కువమంది కోరింది ఆ భవనం రాకుండా చూడమనే. అందుకని రెండు పత్రాలు వెళ్లాయి: ఒకటి సంఘం పేరుతో, వినియోగ మార్పునే వ్యతిరేకిస్తూ, పార్కుకో పాఠశాలకో ఆ స్థలం ఉంచాలని కోరుతూ, రెండోది నేనూ మరి కొందరమూ వ్యక్తిగతంగా సంతకాలు పెట్టినది. మొదటిదానిపై సంతకాలు చాలా ఎక్కువ. స్థలం ఖాళీగా ఉన్నన్నాళ్లూ అక్కడ పార్కు కావాలని ఒక్క దరఖాస్తయినా మా సంఘం ఇవ్వలేదని మినిట్స్ పుస్తకం రాసే నాకు తెలుసు గానీ, ఆ మాట ఆ పత్రానికి అడ్డం పెట్టడం కార్యదర్శి పని కాదు.

గడువు ముగిశాక అభ్యంతరదారులను పిలిచి విన్నారు. వినడం మర్యాదగానే సాగింది. సంఘం పత్రానికి అధికారి సమాధానం అప్పటికే సిద్ధంగా ఉంది: పేదల గృహాలు ప్రజాప్రయోజనమే, నగరంలో ఖాళీ ప్రభుత్వ భూమి తక్కువ, కాబట్టి అడ్డంగా కాక నిలువుగా కట్టక తప్పదు. ఈ వాదనలో బలం ఉంది. ఊరికి దూరంగా సెంటు స్థలాలు ఇచ్చి, అక్కడి నుంచి పనికి రావడానికి రోజూ రెండు బస్సులు మారమనడం కంటే పని దొరికే చోటే ఇల్లు ఇవ్వడం మేలు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ లాంటి వాళ్లు బతుకుతున్నది మధురవాడ, ఎండాడ అపార్ట్‌మెంట్ల మీదే కదా. రోడ్డు గురించి, గెడ్డ గురించి అడిగినవాటిని రాసుకున్నారు. నిర్వహణ భాగం దగ్గరకు వచ్చేసరికి, అది లబ్ధిదారుల సంఘం చూసుకుంటుందని ఒక్క వాక్యంలో తేల్చారు. ఆ సంఘం ఇంకా పుట్టలేదు, అందులో ఉండేవారెవరో ఇంకా లాటరీ తియ్యలేదు, వారి తరఫున ఈ గదిలో ఎవరూ లేరు అని నేను అన్నాను. దాన్ని కూడా రాసుకున్నారు.

రాతపూర్వక సమాధానం తరవాత వచ్చింది. గెడ్డ వెంట ఖాళీ వదిలి, కల్వర్టు వెడల్పు చేసే విషయం పరిశీలిస్తామన్నారు. అగ్నిమాపక, నౌకాదళ అనుమతులు లేకుండా పని మొదలుకాదన్నారు. రోడ్డు విస్తరణ ప్రతిపాదనలో ఉందట. నిర్వహణపై మళ్లీ అదే వాక్యం, ఈసారి టైపు చేసి. దానికి బదులుగా, ఉమ్మడి మీటరు ఎవరి పేరున తీసుకుంటారు, మొదటి డిపాజిట్ ఎవరు కడతారు, లిఫ్టు టెండరులోనే ఎన్నేళ్ల నిర్వహణ కలుపుతున్నారు అని మూడు ప్రశ్నలు మాత్రమే రాసి మళ్లీ పంపాను. ఇవి విద్యుత్ శాఖలో ఏ ఏఈ అయినా కొత్త సర్వీసు ఇచ్చే ముందు అడిగే ప్రశ్నలే.

ఈలోగా మోటారు గది తాళం తీసి చూపించిన ఆవిడ, మా ఇంట్లో పనిచేసే ఆవిడ కలిసి ఆరిలోవలో దరఖాస్తు పెట్టుకున్న మరికొందరు ఆడవాళ్లను పోగుచేశారు. ఈ పథకంలో ఇల్లు ఆడవారి పేరున గానీ, ఉమ్మడిగా గానీ ఇస్తారు కాబట్టి, అడగవలసింది తామేనని వాళ్లకు వాళ్లే అనుకున్నారు. సోమవారం కలెక్టరు కార్యాలయంలో అర్జీలు తీసుకునే చోట ఇచ్చి రావడానికి, నన్ను రాసిపెట్టమన్నారు. ఇల్లు వద్దని అందులో లేదు. ఎత్తు తగ్గించమనీ లేదు. "తొమ్మిదైనా పదైనా ఎక్కుతాం సార్, లిఫ్టు నెలకెంత అవుతాదో ముందే చెప్పమనండి. ఇచ్చీసిన తరవాత చెప్తే ఏటి లాభం?" అన్నది ఒకావిడ. ఆ వాక్యాన్ని ఆఫీసు భాషలోకి మార్చకుండా అలాగే రాసి, కింద వాళ్ల సంతకాలూ వేలిముద్రలూ పెట్టించాను. అర్జీకి నంబరుతో రసీదు ఇచ్చారు. స్థలంలో తుమ్మకంప కొట్టేసి మట్టి పరీక్షకు బోర్లు వేస్తున్నారు. వినియోగ మార్పు ఉత్తర్వు ఇంకా వెలువడలేదు.